సింగపూర్ వెళ్లని పెట్టె

ఆఫీసు పని మీద మొదటిసారి సింగపూర్ వెళ్లాల్సి వచ్చినప్పుడు నా బెంగంతా వీసా గురించి కాదు, పెట్టె గురించి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఆఫీసులో అందరివీ నున్నటి ట్రాలీలు, వేలితో తోస్తే పక్కనే నడిచొస్తాయి. నా దగ్గరున్నది కాలేజీనాటి భుజం సంచి ఒక్కటే.

సంగతి యలహంకలో ఉండే చిన్నమ్మ చెవిన పడింది. మా వాళ్లలో పెద్ద పెట్టె ఉన్నది ఆమె ఇంట్లోనే. పెళ్లికైనా కాశీకైనా అందరం దాన్నే అడిగి తీసుకెళ్లేవాళ్లం. దానికో పద్ధతి ఉంది. ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు, తిప్పి ఇచ్చేటప్పుడూ ఖాళీగా ఇవ్వకూడదు. రెండు వక్కలో, ఒక పండో, ఏదో ఒకటి లోపల ఉండాల్సిందే.

నేను అడగకముందే ఆదివారం పొద్దున చిన్నమ్మ రెండు బస్సులు మారి, పెట్టెతో సహా మా ఇంటికి వచ్చేసింది. కుంకుమరంగు పెట్టె, గుర్తుకోసం పిడికి కట్టిన జరీ గుడ్డముక్క. ఒక చక్రం కీచుమంటోంది.

"కొత్తది ఎందుకమ్మా కొనేది? మన పెట్టె ఉండాది కదా. కాశీకి మూడుసార్లు పొయ్యొచ్చిండాది, ఒక్క గీత పళ్లేదు" అంది.

వద్దనలేకపోయాను. మూత తెరిస్తే తమలపాకులు, వక్కలు, ఒక అరటిపండు ఉన్నాయి. పండు తినేసి, పద్ధతి అయిపోయిందనుకున్నాను.

ఆమెను బస్సెక్కించి వచ్చాక, ఎయిర్‌పోర్టులో మా మేనేజరు ముందు ఆ పెట్టె కీచుమనడం ఊహించుకున్నాను. పరువు గంగలో కలిసినట్టే అనిపించింది. ఆమెతో నేరుగా చెప్పే ధైర్యం ఉందా అంటే అదీ లేదు. పెట్టెను అటక మీదికి ఎక్కించి, ఆ సాయంత్రమే బూడిదరంగు ట్రాలీ ఒకటి కొనుక్కొచ్చుకున్నాను. నిజం చెప్పాలంటే, సింగపూర్‌లో ఉన్న అయిదు రోజుల్లో నా పెట్టె వంక చూసినవాళ్లు ఎవరూ లేరు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. తిరిగొచ్చాక కొత్త ట్రాలీకి వేసిన విమానం ట్యాగ్ జాగ్రత్తగా ఊడదీసి, చిన్నమ్మ పెట్టె పిడికి చుట్టాను. లోపల చాక్లెట్ల డబ్బా, ఒక శాలువా పెట్టి యలహంక తీసుకెళ్లాను. ఆ తెలివి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ట్యాగ్ చూసి చిన్నమ్మ మురిసిపోయింది. శాలువా కప్పుకుని చూసుకుంది. తర్వాత పెట్టె తుడిచి దాచడానికి, మూత లోపలివైపు ఉన్న జిప్పు లాగింది. నేను ఒక్కసారైనా తెరిచి చూడని అర అది. అందులోంచి దారంతో బిగించి కట్టిన పొట్లం బయటపడింది. చెనక్కాయల పొడి. అక్కడి తిండి నాకు పడదని దంచి పెట్టింది. వేసిన ముడి వేసినట్టే ఉంది.

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను.

"చిన్నమ్మా, అది..." అన్నాను.

ఆమె ముడి వైపు చూసింది. పిడికి చుట్టిన ట్యాగ్ వైపు చూసింది.

"ఆడ భోజనం బాగుండిందేమోలేమ్మా" అంది. "కాఫీ తాగుతావా?"

పొట్లం తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. మళ్లీ ఆ మాటే ఎత్తలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. నేనైనా తప్పయిందని చెప్పాలి కదా, చెప్పలేదు. కాఫీ తాగి వచ్చేశాను.

పోయిన నెల హొసకోటెలో ఒక పెళ్లికి వెళితే, భోజనాల దగ్గర బంధువులావిడ ఒకరు మంత్రాలయం వెళ్లడానికి పెట్టె కావాలని చిన్నమ్మను అడిగింది. ఆ పక్క విస్తరి నాదే.

"తీస్కపోవే, గట్టి పెట్టె. మా పాప జతలో సింగపూరు దాకా పొయ్యొచ్చిండాది" అంది చిన్నమ్మ, నా వీపు మీద చెయ్యి వేసి.

బంధువులావిడ నా వైపు తిరిగి, "అవునా పాపా?" అని అడిగింది.

అవునన్నాను.