తాగని మనిషి లివరు

వీధి చివర కుట్టుకొట్టు టైలరు జన్మలో మందు ముట్టలేదు. ముట్టకపోవడం ఒక ఎత్తు, ముట్టలేదని నలుగురికీ చెప్పడం ఒక ఎత్తు. ఆయన రెండోదాంట్లో సిద్ధహస్తుడు. చొక్కా కొలతలిచ్చి పోదామని వచ్చినవాడికి కూడా ఈ సంగతి తెలియకుండా పోయేది కాదు. ఎవరిదో పెళ్లిలో బావమరిది గ్లాసు చేతిలో పెడితే, అందరూ చూస్తుండగా పూలకుండీలో వంపేశాడు. ఆ మొక్క ఏమైందో గాని, ఆయన పేరు మాత్రం నిలబడింది.

షుగరు మాత్రం ఉంది, చాలా ఏళ్లుగా. దాన్ని ఆయన దూరపు చుట్టంలా చూసుకున్నాడు: మర్యాదకి లోటు లేదు, పట్టింపూ లేదు. గుర్తొస్తే మాత్ర వేసుకునేవాడు. పొట్ట ముందుకొస్తే తన ప్యాంటు తనే వదులు చేసుకునేవాడు. లివరుకి కొవ్వు పట్టింది, అప్పుడప్పుడు చూపించుకోమని ఒక డాక్టరు చెబితే, లివరు సంగతి తాగేవాళ్లకి చెప్పండని లేచొచ్చేశాడు.

కొన్నాళ్లకి ఆ ప్యాంట్లే జారడం మొదలెట్టాయి. ఇంకొకరైతే కంగారుపడేవారు. ఈయన టైలరు కాబట్టి కుట్లు విప్పి, నడుము బిగించి, మిషను మీద కూనిరాగం తీశాడు. షుగరు కూడా తగ్గుముఖం పట్టింది. ఇదంతా చక్కెర లేని టీ మహిమని తీర్మానించి మాత్రలకి సెలవిచ్చేశాడు. కొట్లో కాజాలు కుట్టే భార్య, బుగ్గలు పీక్కుపోతున్నాయండీ అంటే, సన్నబడితే అలాగే ఉంటుంది, నువ్వూ ప్రయత్నించి చూడమన్నాడు.

కళ్లు పచ్చబడ్డాక గాని ఆస్పత్రి గడప తొక్కలేదు. లివరు క్యాన్సరన్నారు. ఆపరేషను చేసే దశ దాటిపోయిందన్నారు.

కబురు వీధిలోకి వచ్చేసరికి క్యాన్సరు రాలిపోయి లివరొక్కటే మిగిలింది. ఇన్నేళ్ల ప్రతిష్ఠ ఒక్క పూటలో కూలింది. గుట్టుగా లాగించేవాడన్నమాట అనుకున్నారు జనం, కొందరైతే కాస్త గౌరవంగానే. పొద్దుగూకితే నిష్ఠగా తాగే బావమరిది వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు.

"నాకైనా చెప్పకపోయావా బావా, తోడుండేవాణ్ని" అన్నాడు.

వేళాకోళం కాదు, నిజంగానే నొచ్చుకున్నాడు.

అదీ భరించాడు టైలరు. కానీ ఒకనాడు ఓపిక చేసుకుని కొట్టుకెళితే, భార్య తెర వెనక పేలికల మూటలు విప్పి తడుముతోంది. మిషను నూనె సీసా మూత తీసి వాసన చూసింది. ఆయన్ని చూసి సీసా కింద పెట్టింది. ఏమైనా అనుంటే బాగుండేది.

చావు సంగతి ఆయన అప్పటికే ఒప్పేసుకున్నాడు. ఈ అనుమానం మిగిల్చి పోవడమే మింగుడుపడలేదు. భార్యని వెంటబెట్టుకుని ఆస్పత్రిలో డాక్టరమ్మ దగ్గరికెళ్లి, ముద్దాయిలా కూర్చుని, మీరే చెప్పండి ఈవిడకి అన్నాడు.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. షుగరున్నవాళ్లకి లివరులో కొవ్వు చేరడం ఎక్కువట. అందరికీ ముదరదు గాని, కొందరికి లోపల వాచి, ఏళ్ల తరబడి మచ్చలు కట్టి, గట్టిపడిపోతుందట. క్యాన్సరుకి అక్కడ చోటు దొరుకుతుందట. ఒళ్లు తగ్గింది టీ వల్ల కాదు, జబ్బు వల్ల. లివరు చెడితే ఒక్కోసారి షుగరూ పడిపోతుంది.

"అయితే ఈయన తాగలేదంటారా?" అంది భార్య.

"అది నేనెలా చెబుతానమ్మా? ఈ జబ్బు రావడానికి మాత్రం తాగాల్సిన పని లేదు."

నిర్దోషి అనలేదు గాని, విడుదల చేసినట్టే. బయట బల్ల మీద కూర్చుని టైలరు భార్య మాట కోసం ఎదురుచూశాడు. ఆవిడ సూది పోట్లు పడ్డ వేళ్లకేసి చూసుకుంది.

"తాగుంటేనే బాగుండేదండీ. మిమ్మల్ని తిట్టుకుంటూ బతికేదాన్ని. మాత్రలు మానేస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. బిగించిన ప్రతి ప్యాంటుకీ హుక్కు కుట్టింది నేనేగా."

ఆయన గోడకేసి చూశాడు.

"అప్పుడప్పుడు తాగేవాణ్నిలే," అన్నాడు. "కొట్టు కట్టేశాక. నీకు తెలీకుండా."

ఆయనకి అబద్ధం చేతకాదని ఆవిడకి తెలుసు. అయినా ఆటో ఎక్కింది మొదలు ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉంది. ఆయన తల వంచుకుని, ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.