మా నాన్నకు చెప్పిన ఫోటోఎలక్ట్రిక్ పాఠం

బీఎస్సీలో ఫిజిక్సు తీసుకుంటానంటే మా నాన్న వద్దనలేదు. ఆయన బీకాం చదివి రాబర్ట్‌సన్‌పేటలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేస్తున్న మనిషి. వద్దనడం కన్నా షరతు పెట్టడం ఆయనకు సరదా. నా సెకండ్ పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడాది, ఫిజిక్సు పుస్తకంలో ఏదో ఒక పాఠం తనకు అర్థమయ్యేలా చెప్పాలట. చెబితే ఫిజిక్సు, చెప్పలేకపోతే బీకాం.

ఓస్, ఇంతేనా అనుకున్నాను. ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్ ప్రశ్నకు ప్రిపరేటరీ పరీక్షలో నాకు పూర్తి మార్కులు వచ్చాయి మరి. ఆ సాయంత్రమే గడగడా అప్పజెప్పాను. లోహం మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. జింకు మీద ఎర్ర కాంతి ఎంత కుమ్మరించినా ఒక్కటీ రాదు. అతినీలలోహిత కాంతి రవ్వంత పడినా వచ్చేస్తాయి.

"ఒక ఎర్ర బల్బు చాలకుంటే నూరు పెట్టు. అప్పుడెందుకు రాదు?" అన్నాడు నాన్న.

"రాదు నాయనా. బుక్కులో అట్లే ఉండాది."

"అట్లయితే పాసయింది బుక్కు, నువ్వు కాదమ్మా."

ఒళ్ళు మండిపోయింది. వంటింట్లో అమ్మ కిసుక్కున నవ్వడం వినిపించి ఇంకా మండింది. నూరు బల్బులు ఎందుకు చాలవో నాకు నిజంగానే తెలియదు. ఏడాదంతా సూత్రం వల్లించానే గానీ ఆ ప్రశ్న నా బుర్రకు తట్టనే లేదు. బీకాం ఖాయమని భయం పట్టుకుంది.

ఆ ఆదివారం అమ్మ పుట్టిల్లు బైరకూరులో జాతర. ముగ్గురమూ వెళ్ళాం. అక్కడ గుండురాయి ఎత్తే పందెం జరుగుతోంది. కుర్రాళ్ళు ఒకరి తరువాత ఒకరు వచ్చి మూలుగుతున్నారు, రాయి కదిలితే ఒట్టు. చూసి చూసి విసుగొచ్చి, నలుగురూ కలిసి పట్టుకోవచ్చు కదా అని అరిచాను. అందరూ పగలబడి నవ్వారు. పేటపిల్లకు ఏం తెలుసని ఒకావిడ నా బుగ్గ కూడా గిల్లింది. పక్కనున్న మా మామ, రాగులు పండించే రైతు, ఆయనొక్కడే నవ్వకుండా చెప్పాడు.

"రెండో మనిషి చెయ్యి తగలకూడదమ్మా. నూరుమంది వచ్చినా ఒక్కొక్కరే ఎత్తల్ల."

నాన్న అడిగిన నూరు బల్బులు చటుక్కున గుర్తొచ్చాయి. ఇంతలో నడివయసు మనిషి ఒకాయన వచ్చి, ఒక్కడే రాయెత్తి, భుజం మీదుగా వెనక్కి విసిరేశాడు. జనం ఈలలు వేస్తుంటే నాకు సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తిరుగు బస్సులో నాన్నను పట్టుకున్నాను.

"కాంతి ముక్కలుగా వస్తాది నాయనా. గుండురాయి పందెం మాదిరే, ఒక ఎలక్ట్రానుకు ఒక ముక్కే తగుల్తాది. ఎర్ర ముక్కకు బలం చాలదు. నూరు బల్బులు పెడితే చేతగానోళ్ళు ఇంగా ఎక్కువమంది వస్తారు, అంతే. అతినీలలోహిత ముక్క ఒక్కటే ఎత్తేస్తాది. మిగిలిన బలంతో ఎలక్ట్రాన్ పరిగెత్తుతాది."

రేపే కాలేజీ అప్లికేషన్ తెస్తానన్నాడు నాన్న. నేను ఎగిరి గంతేసేదాన్నే, బస్సులో చోటు లేదు. ఆయన కిటికీ వైపు తిరిగి, మెల్లగా అన్నాడు.

"ఇట్ల చెప్పేవాళ్ళు ఒక్కరుండింటే నేనూ ఇదే చదివేవాణ్ణమ్మా."

ఆయనకు అలాంటి కోరిక ఉండేదని అమ్మకు కూడా తెలియదు. మరునాడు అప్లికేషన్ నింపి సంతకం పెట్టించుకున్నాక, పుస్తకంలో తరువాతి పాఠం తీసి ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు తెచ్చుకోవడానికి ఆయన లేచి పరుగెత్తాడు.