నిమ్మతొక్కల వాసన

ఆయన మొదటిసారి మా ఇంటికి వస్తానన్న ఆదివారం, పొద్దున్నే నిమ్మతొక్కలు మరిగించి గదిగదికీ ఒక గిన్నె పెట్టాను. చేపల నీచును పులుపు విరుస్తుందని పటాన్‌చెరు గ్రంథాలయంలో చదివాను. పదో తరగతితో బడి మానేసిన నాకు మిగతా చదువంతా ఆ బెంచీల మీదే వచ్చింది. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను.

ఆయన పరిచయమైందీ అక్కడే. భార్య పోయిన కిరాణా షావుకారు. మధ్యాహ్నం దుకాణం మూసి పేపరు చదవడానికి వచ్చేవారు. చాలాకాలం పేపరు కాగితాలు ఒకరికొకరం అందించుకున్నాక పెళ్లి మాట ఎత్తారు. జవాబు కోసం ఆదివారం వస్తానన్నారు.

ఇష్టమే, కానీ భయం. వాళ్లది నీచు గడప తొక్కని ఇల్లు. నేను బందరులో ఎండు రొయ్యలు తిని పెరిగినదాన్ని. అక్కడ నా మొదటి భర్తకు నేను చదవడం గిట్టేది కాదు. మానేశాను. అయినా ఇంకొకామెతో వెళ్లిపోయాడు. ఆ తర్వాతే ఇక్కడి మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వచ్చాను. అప్పుడు చదువు మానినట్టే, ఇప్పుడు ఈయన కోసం రొయ్యల డబ్బా మంచం కిందికి తోశాను.

ఆయన చెప్పులు విప్పుతూనే గాలి పీల్చారు.

“ఏంది మేడం, పులిహోర గిట్ల చేసిన్రా? జెర పెట్టున్రి మరి.”

పులిహోర ఎక్కడిది? మంచం కింది డబ్బా లాగి, మూత తీసి, ఆయన ముందు పెట్టాను.

“నేనివి తింటానండీ. మానమంటే మాత్రం ఈ పెళ్లి వద్దు.”

ఆయన ముక్కు మూసుకుని లేచారు. అయిపోయిందనుకున్నాను. వెళ్లి కిటికీ తెరిచి వచ్చి, మళ్లీ కూర్చున్నారు.

“నేనైతే ముట్ట. మీరెందుకు మానాలె? ముప్పై ఏండ్ల సంది ఇంగువ డబ్బాల నడుమ కూసుంటున్న. నా అంగీ వాసన మీరు ఓర్చుకుంటలేరా?”

“అది ఇంగువా! ఏదో కీళ్లనొప్పుల నూనె అనుకున్నానండీ.”

ఆయన నవ్వు పక్కింటికి వినిపించి ఉంటుంది. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పుడు ఆదివారాలు నేను రొయ్యలు వేయిస్తుంటే ఆయన పేపరు పట్టుకుని బాల్కనీలో కూర్చుంటారు.

“అయిందా? లోపలికి రావాల్నా?”

“ఇంకా లేదండీ. సినిమా పేజీ చదవండి.”

“అదీ అయింది. ఇగ టెండర్ల ప్రకటనలే మిగిలినయి.”