వదిన సరిచూసిన పేరు

తలుపు తెరవకముందే లోపల బల్ల మీద వేళ్ల చప్పుడు వినిపించింది. ఆ ఇంటి పెద్దావిడ ఒకప్పుడు టైపు మిషన్ లాంటి దాని మీద మీటలు నొక్కి కంప్యూటర్ కార్డులకు రంధ్రాలు కొట్టేది. కొట్టిన ప్రతి కార్డునూ వెనక కుర్చీలో ఆమె వదిన అవే మీటలు మళ్లీ కొట్టి సరిచూసేది.

“నా తప్పులు వెతకడానికే పుట్టింది. అందుకు ఆఫీసువాళ్లు జీతం కూడా ఇచ్చారు,” అని నవ్వింది.

ఫోర్‌ట్రాన్ అనే తొలినాటి కంప్యూటర్ భాష పేరు రాసే తీరు ఎలా మారిందో రాద్దామని వెళ్లాను. నా పుస్తకం అట్ట మీద ఆ ఇంగ్లీషు పేరులో మొదటిది తప్ప అన్నీ చిన్నక్షరాలే. వాళ్ల మిషన్లో పెద్దక్షరాలే ఉండేవి.

ఆమె ఆ పేరును బల్ల మీద మెల్లగా కొట్టి, వెనక్కి చెవి ఒగ్గింది. ఏ చప్పుడూ రాలేదు.

“నువ్వు మాత్రం పెద్దక్షరాల్లోనే రాయి నాయనా. చిన్నవి వచ్చేసరికి సరిచూడ్డానికి మా వదిన లేదు.”