కరాచీ నుంచి వచ్చిన షేర్వానీ

1961లో నా టైలర్ దుకాణం జహీరాబాద్ స్టేషన్ రోడ్డులో ఉండేది. మా నాన్న పెట్టిన దుకాణమే. ఆయన చేతిపని, నా నోటిదురుసు రెండూ ఊరందరికీ తెలుసు. దర్జీకి అనుమానం ఉండి తీరాలంటాను నేను. టేపు చుట్టగానే పొట్ట లోపలికి పీల్చేవాడిని నమ్మి కుట్టామా, పెళ్లిపందిట్లో గుండీలు ఎగిరిపోతాయి. అందుకే నేను మనిషి మాట కన్నా బట్టనే ఎక్కువ నమ్ముతాను.

ఆ చలికాలం ఖైరున్నీసా ఆపా ఒక పాత షేర్వానీ పట్టుకొని వచ్చింది. భర్త పోయినామె, ఇద్దరు ఆడపిల్లలు. ఇంటి ముందుగది కిరాయికిచ్చి ఎలాగో నెట్టుకొస్తోంది. తమ్ముడు యూసుఫ్ పన్నెండేళ్ల కిందట కరాచీ వెళ్లిపోయాడు. అతని ఉత్తరం వచ్చిందంటే గల్లీ అంతా ఆమె గుమ్మంలో చేరేది. ఒకరు గట్టిగా చదవడం, మిగతావాళ్లు చుట్టూ కూర్చొని వినడం అక్కడి ఆనవాయితీ. ఇంట్లోనే నల్లా, నెత్తిమీద కరెంటు పంకా, పిల్లలకు మంచి బడి అని రాసేవాడు. ఆ ఊళ్లో ఏముంది ఆపా, ఇల్లు అమ్ముకొని వచ్చెయ్ అనేది ప్రతి ఉత్తరంలోనూ ఉండేది.

“ఇల్లు అమ్ముతున్న మాస్టర్, జుమ్మా నాడు బయానా పైసలు తీసుకుంట,” అంది ఆపా. “ఇగ గీ బావినీళ్ల బాధ తప్పుతది నాకు. యూసుఫ్‌కు గిదే కొలతకు కొత్తది కుట్టు. కరాచీ నుంచి ఇది తెచ్చినాయన వచ్చే నెల వాపస్ పోతడు, ఆయన చేతికిచ్చి పంపుత.”

నాకు అక్కడే తేడా కొట్టింది. “కరాచీల దర్జీలు అందరు చచ్చిపోయిన్రా ఆపా?”

“నీ దుకాణంలనే కుట్టియ్యమన్నడు. వేరేటోళ్ల చేతికి ఇయ్యనే ఇయ్యొద్దని మరీ మరీ చెప్పి పంపిండు.”

ఇందులో ఏదో కిరికిరి ఉందనుకున్నాను. అక్క చేత ఇల్లు అమ్మించి, ఆ సొమ్ము తాను వాడుకొని, ఆమెనూ పిల్లలనూ ఓ మూలన పడేస్తాడు కాబోలు! ఆమె వెళ్లగానే షేర్వానీని వెలుతురులోకి తెచ్చి చూశాను. ఎడమ రొమ్ము మీద ఉండాల్సిన జేబు కుడివైపు ఉంది. బట్ట వెలిసిపోతే కుట్లన్నీ విప్పి, లోపలి మొహం పైకి వచ్చేలా తిరగేసి కుడతాం. దాన్నే టర్నింగ్ అంటాం. అప్పుడు జేబు అటు మారుతుంది. కొత్తది కొనే దారి లేనివాళ్లే ఆ పని చేయిస్తారు.

కొలత తీయడానికి కుట్లు విప్పనక్కర్లేదు. అయినా కాలర్ విప్పాను. లోపల కాన్వాస్, అంటే కాలర్ నిటారుగా నిలవడానికి వేసే ముతక గుడ్డ, దాని మీద ఎర్రదారంతో మూడు అడ్డకుట్లు కనబడ్డాయి. అది మా నాన్న గుర్తు. పన్నెండేళ్ల కిందట ఇదే దుకాణంలో కుట్టిన షేర్వానీ అది.

మర్నాడే ఆపాను పిలిపించాను.

“పంకా కింద కూసునే మనిషి ఇంతకాలం ఒక్క షేర్వానీ కుట్టించుకోలేదా? ఉన్నదాన్నే తిరగేయించుకున్నడు, చూడు.”

ఆమె మొహం ఎర్రబడింది. “నా తమ్ముని మీద గసొంటి మాటలు అనకు మాస్టర్! నీకు దునియా మీదనే శక్కు!”

నేను కాలర్ ఆమె చేతిలో పెట్టాను. లోపలి మడతలో పాత రంగు చూసి గుర్తుపట్టింది. “యా అల్లా! గిది మా అబ్బాజాన్ యూసుఫ్‌కు కుట్టిచ్చింది,” అంటూ అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చింది. బయానా తీసుకోవడానికి మూడు రోజులే ఉన్నాయి. ఆ సాయంత్రమే వెళ్లి బేరం వద్దని చెప్పి వచ్చింది.

అయినా నా అనుమానం తీరలేదు. మోసం బయటపడిందని తెలిస్తే ఆయనగారు ఏ మొహంతో ఉత్తరం రాస్తాడో చూద్దామనుకున్నాను. కొత్త షేర్వానీ కుట్టాను, పాతదాని కాలర్ కూడా కుట్టిచ్చాను. రెండూ కరాచీ వెళ్లాయి.

రెండు నెలల తర్వాత ఆపా ఉత్తరం పట్టుకొని నేరుగా దుకాణానికి వచ్చింది. ఈసారి గల్లీలో ఎవరికీ చూపించలేదట. అందులో సలాముల తర్వాత యూసుఫ్ రాసిన మొదటి మాటే ఇది: ‘మాస్టర్ విప్పి చూసిండా? ఇల్లు అమ్మలేదు కదా?’

ఆమె కళ్లు తుడుచుకుంది. “అందరి ముందర సదువుతరని ఎరుకనే కదా, ఇజ్జత్ పోతదని రాయలేకపోయిండు. ఇన్నేండ్లు నల్లా, పంకా అని రాసి రాసి, ఇప్పుడెట్ల మాట తిప్పుతడు? నేను బయలెల్లుత అని రాసేసరికి భయపడ్డడు పిచ్చోడు, నువ్వు విప్పి చూస్తవని ఎరుకై గా షేర్వానీ నీ దగ్గరికే పంపిండు. వాని బతుకు, నా బతుకు ఒక్క తీరే ఉన్నయి మాస్టర్. నాకు జర ఇల్లన్న ఉన్నది.”

నేను తలెత్తి ఆమెను చూడలేకపోయాను. ఆ షేర్వానీ సంగతి నేను సరిగ్గానే పట్టాను. దాన్ని పంపినవాడి సంగతే పట్టలేదు. బట్టను అనుమానించడం నా పని, ఇప్పటికీ చేస్తాను. మనిషిని అనుమానించే ముందు మాత్రం కాస్త ఆగుతాను. ఎందుకంటే నేను దొంగ అనుకున్న ఆ మనిషి, అంత దూరం నుంచి నన్ను నమ్మి తన పరువు నా చేతికి పంపించాడు.