వట్టి అప్పలరాజు

మా తొమ్మిదో తరగతి తెలుగు మాస్టారు గురువారం ఉదయం కన్నుమూశారు. ఫోన్ చేసి చెప్పింది అప్పలరాజు. మీరు విశాఖపట్నం వాళ్ళయితే వెంటనే ఏ అప్పలరాజని అడుగుతారు. సింహాచలం అప్పన్న దయవల్ల ఇక్కడ వీధికి నలుగురం ఉంటాం. మా క్లాసులోనే నాతో కలిపి నలుగురం.

తక్కిన మాస్టార్లకి మేం అప్పలరాజు ఒకటి, రెండు, మూడు, నాలుగు. తెలుగు మాస్టారికి అది గిట్టేది కాదు. ఆయన పేరూ అప్పలరాజే. చిన్నప్పుడు బళ్ళో ఆయన్ని 'మూడు' అని పిలిచేవారట. "నంబరు బస్సుకుండాల గానీ మనిషికేటిరా" అనేవారు. అందుకని ఎవరికేది బాగా వస్తే అది పేరు ముందు తగిలించారు. లెక్కల అప్పలరాజు, ఈతల అప్పలరాజు, పాటల అప్పలరాజు.

నేను ఏడాది మధ్యలో తగరపువలస నుంచి వచ్చి చేరాను. నాకేదీ తగిలించలేదు. హాజరు పిలిచేటప్పుడు కూడా వట్టి అప్పలరాజు. నాకేమీ రాదని కనిపెట్టేశారనుకున్నాను. కబడ్డీ ఆడి మోకాళ్ళు చీరుకున్నాను, పద్యాలు బట్టీపట్టాను. సుద్దముక్కలు దాచుకుని తెల్లబడిన జేబు తడుముకుంటూ ఆయన "బాగుందిరా" అనేవారు. అంతే. ఆ ఏడాదంతా కుళ్ళిపోయాను.

ముగ్గురూ తర్వాత పేరున్నవాళ్ళయ్యారు. లెక్కలవాడు మధురవాడలో కాలేజీ ప్రిన్సిపాల్. ఈతలవాడు మునిగిపోతున్నవాళ్ళని కాపాడి పేపర్లో పడ్డాడు. పాటలవాడు కార్మిక నాయకుడు, మైకు పట్టుకుంటే జనం కదలరు. నేను ఫిట్టర్ని. మా వీధి దాటితే నేనెవరో ఎవరికీ తెలీదు.

కిందటేడు మాస్టారు మంచాన పడ్డారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. చిన్నప్పటి ఉక్రోషం ఆగక, నాకెందుకేమీ పెట్టలేదని అడిగేశాను.

"నువ్వొచ్చేతలికి పాటలోడి గొంతు మారిపోనాది. పాట రాదు. పిల్లలేమో పాటలోడా, పాడరా అంటన్నారు. ఆడు సిగ్గుపడి బడి మానేసినాడు. నాను ఇంటికెళ్ళి బతిమాలుకుని తెచ్చాను. ఆ పేరు తగిలించిందెవుడు, నానే కదా" అన్నారు. కాస్త ఊపిరి తీసుకుని, "బళ్ళో నన్నెవులూ వట్టి పేరుతో పిలవలేదురా. నిన్నయినా అలా పిలుద్దామనిపించినాది" అన్నారు.

ఇంటికొచ్చేదాకా సిగ్గేసింది. సంతోషమూ వేసింది. ఇన్నేళ్ళూ ఆయన్ని అపార్థం చేసుకున్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

పాడె మేం నలుగురమే మోశాం. శ్మశానానికి వెళ్ళే దారిలో ఒకచోట దించాం. ఒకవేళ ప్రాణముంటే పలుకుతారని పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పేరు పిలుస్తారు కదా. తొంభై దాటిన మాస్టారి అన్నయ్య చేతికర్ర పక్కనపెట్టి వంగారు. "అప్పలరాజూ" అన్నారు. కాసేపాగి మళ్ళీ పిలిచారు. మేం తలలు వంచుకుని నిలబడ్డాం. మూడోసారి ఇంకా కిందికి వంగి పిలిచారు. నాకు తెలియకుండానే నా నోటివెంట "ఉన్నాను మాస్టారూ" అని వచ్చేసింది. పెద్దాయన తలెత్తి నాకేసి చూశారు.