ఖడ్గమృగం పేడకుప్ప

కొల్లేటి లంకల్లో పిడకలు చరచడంలో గంగారత్నాన్ని మించినవాళ్ళు లేరు. ఆ మాట ఇంకొకరు అనేదాకా ఆగే మనిషి కాదు, తనే చెప్పుకునేది.

పంతొమ్మిదివందల యాభై అయిదులో వచ్చిన వరదకు వాళ్ళ దోనె కొట్టుకుపోయింది. అస్సాంలో గట్టు పనులున్నాయని ఏలూరు మేస్త్రీ చెబితే, మొగుడు రామకోటితో కలిసి రైలెక్కింది. బ్రహ్మపుత్ర ఒడ్డున గుడిసెలు, వాటి వెనక మనిషిని మించిన రెల్లు. అడవిలో పుల్ల విరిస్తే గార్డు ఊరుకోడు.

మాఘమాసపు చలిలో రామకోటికి జ్వరం తగిలింది. మూడు రోజులుగా గంజి తప్ప గొంతు దిగడం లేదు. గంజి కాయడానికి వంటచెరకు లేదు.

"మా పొయ్యి మీద కాసుకో వదినా," అంది పక్క గుడిసె సత్తెమ్మ.

"నా మొగుడికి ఊళ్ళోవాళ్ళ పొయ్యిలమీద కాసిన గంజి పొయ్యనమ్మా," అని గంగారత్నం పేడ ఏరుకురావడానికి గంప చంకన పెట్టింది.

తెల్లారీ తెల్లారని మంచులో రెల్లు మధ్య బాట కనిపించింది. దాని చివర మోకాలెత్తు పేడకుప్ప. పైన పచ్చి, కింద ఎండిపోయి పీచులు పీచులుగా ఉంది. గేదె నడుస్తూ వేస్తుంది గాని ఒకచోట కుప్ప పొయ్యదు. కుప్ప ఉందంటే పోసిన మనుషులుండాలి. పోసి పిడక చెయ్యడం చేతగాని బద్ధకపు మొహాలను తిట్టుకుంటూ గొంతుక్కూర్చుని చేతులు మోచేతులదాకా పేడలో పెట్టింది.

రెల్లు విరిగిన చప్పుడయింది.

"హెహెయ్! అటు పో!" అని గేదెను అదిలించినట్టే అదిలించింది.

వచ్చింది గేదె కాదు. మడతలు మడతలుగా బూడిదరంగు గోడ, ముక్కు మీద కొమ్ము. రెండు బారల దూరంలో ఆగింది. దాని చెవులు చెరో వైపు తిరిగాయి. చిన్న కళ్ళకు ఆమె ఆనలేదు. ముక్కెత్తి వాసన పట్టింది.

పరుగెత్తితే చప్పుడవుతుంది. గంగారత్నం ఊపిరి బిగబట్టింది. అది రెండడుగులు ముందుకు వేసింది. బుస కొడితే మంచు కదిలింది. మడిచిన కాలు తిమ్మిరెక్కి సూదుల్లా పొడుస్తోంది. నేను పోతే ఆయనకి సత్తెమ్మ పొయ్యి మీద గంజే గతి, అనుకుంది.

మోచేతులదాకా దాని పేడే. దాని వాసనే దానికి తగిలిందేమో, మెల్లగా వెనక్కి తిరిగింది. తోక ఎత్తి కుప్ప మీదే వేసింది. వెచ్చటి పేడ ఆమె పాదం మీద చిందింది. వెనక కాళ్ళతో రెండుసార్లు గీకి, వచ్చిన బాటనే నీళ్ళవైపు పోయింది.

చప్పుడు పూర్తిగా అణిగాక ఎండు పేడ గంపకెత్తుకుని వచ్చింది. సంగతి విని సత్తెమ్మ గుండెలు బాదుకుంది.

"అది ఖడ్గమృగం వదినా! రోజూ ఆ కుప్ప దగ్గరికే వస్తాదంట. కొమ్ము కోసం తుపాకీవోళ్ళు అక్కడే కాపేస్తారని గార్డు చెప్పాడు!"

పొయ్యి రాజుకుంది. రెండు గుటకలు గంజి దిగాక రామకోటి పెళ్ళాం చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంక అటేపు ఎళ్ళనని ఒట్టెయ్యవే."

"పొద్దున్నే ఎళ్ళనులే," అంది గంగారత్నం. "ఎండెక్కితే ఎక్కడుంటాది సత్తెమ్మా అది?"

"బురదగుంటలో. ముక్కుదాకా మునిగి పడుకుంటాదంట, పొద్దువాలిందాకా."

"అయితే మజ్జాన్నం ఎళ్తాను," అని గిన్నె మళ్ళీ ఆయన నోటికి అందించింది.